దుప్పి కోసం పోతే పెద్దది ఎదురైంది
(సంఘం సమావేశంలో పెద్దల తరఫున యువతతో పంచుకున్న మాటలు)



మాట్లాడమని పిలిచినప్పుడు దేని గురించి మాట్లాడాలని అడిగాం. "పులి గురించి చెప్పండి" అన్నారు. ప్రతి ఏడూ ఇదే అడుగుతారు మీరు. అచ్చంపేటలోనో హైదరాబాదులోనో హాస్టల్లో ఉంటే పక్క మంచం పిల్లవాడు "నల్లమల నుంచి వచ్చినవు గదా, పులిని చూసినవా?" అంటాడట. చూడలేదని చెప్పడానికి సిగ్గేసి మీలో కొందరు కథలు అల్లుతారని కూడా మాకు తెలుసు. సిగ్గెందుకు? మేమూ ఎన్నడూ పులిని చూడ్డానికి పోలేదు. ఈ మాట కోసం మా ఈడు వాళ్ళనూ మాకంటే పెద్దవాళ్ళనూ కూర్చోబెట్టి అడిగాం. గడ్డలకు పోయినప్పుడు చూశామన్నవాళ్ళు కొద్దిమంది. తేనెకు పోయినప్పుడు చూశామన్నవాళ్ళు ఇంకా కొద్దిమంది. ఎక్కువమంది నోట వచ్చింది ఒకటే మాట: "దుప్పి కోసం పోయిన్నాడు."

వేట మాట ఎత్తామని ఎవరూ ఉలిక్కిపడకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. ఆ సంగతి మా పెంట దాకా నడిచి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. మేము చెప్పేది ఆ నడిమి కాలం సంగతి. అప్పటికి మాకు పదేళ్ళో పన్నెండేళ్ళో. ఇప్పుడు వేట లేదు, ఉండకూడదు కూడా. ఆ ముచ్చట తర్వాత వస్తుంది.

ఇప్ప పూలు రాలే కాలం. ఇప్ప పువ్వు రాత్రి విచ్చుకొని తెల్లారేసరికి నేల మీద పరుచుకుంటుందని మీకు చెప్పక్కర్లేదు. మనకంటే ముందు ఆ పూల కోసం దుప్పులు వస్తాయి, కణుతులు వస్తాయి, ఎలుగు వస్తుంది. మా మేనమామ కోడి కూయకముందే లేపి, మమ్మల్ని ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకొని బయలుదేరాడు. విల్లు ఆయన చేతిలో ఉంది, బాణాలు మేము మోస్తున్నాం. కుక్కను కట్టేసి వచ్చాం. మాటు వేసేటప్పుడు కుక్క వద్దనేవాడు.

వాగు దాటాక ఆయన గుప్పెడు మెత్తటి మట్టి తీసి వేళ్ళ సందులోంచి జారవిడిచాడు. దుమ్ము మా మొహం మీదికి వచ్చింది. గాలి దుప్పుల వైపు నుంచి మా వైపు వీస్తోందన్నమాట. మా వాసన వాటికి అందదు. ఒక పెద్ద బండ చాటున కూర్చున్నాం. ఎదురుగా ఇప్పచెట్టు. దాని కింద ఏడెనిమిది దుప్పులు, అందులో ఒకటి కొమ్ములది. మాకూ వాటికీ నడుమ మోకాలెత్తు బోద గడ్డి.

మామ బాణం పెట్టాడు, లాగాడు. అంతలో ఆ కొమ్ముల దుప్పి తల ఎత్తింది. మమ్మల్ని చూసిందనుకొని మేము ఊపిరి బిగబట్టాం. కానీ దాని చూపు మా మీద లేదు, మా ముందున్న గడ్డి మీద ఉంది. ముందుకాలు ఎత్తి నేలను ఒకసారి కొట్టింది, మళ్ళీ కొట్టింది. తోక నిటారుగా లేచింది. కీచుమని ఒక్క కూత. మంద మొత్తం ఒక్క దూకుతో మాయం.

అప్పుడు ఆ గడ్డి లేచి నిలబడింది. నిజంగా మాకు అట్లాగే కనిపించింది. ఎండిన గడ్డికే కాళ్ళు వచ్చినట్టు. మాకు ఇరవై అడుగులు కూడా లేదు. దాని వీపు మా వైపు, మొహం దుప్పులు పోయిన వైపు. దాని వేట చెడిపోయింది, మా వేట కూడా చెడిపోయింది. ఎంతసేపటి నుంచి అది అక్కడ పడుకొని ఉందో, మేము ఎంతసేపటి నుంచి దాని వెనక కూర్చున్నామో మాకు ఇప్పటికీ తెలియదు.

మాలో ఒకడు చిన్నగా మూలిగాడు. అది తల తిప్పింది.

పులి కళ్ళ గురించి చాలామంది చాలా చెబుతారు. మాకు గుర్తున్నది కళ్ళు కాదు, చెవులు. చెవుల వెనక తెల్లటి మచ్చలుంటాయి కదా, అప్పటిదాకా అవి కనిపిస్తున్నాయి. మా వైపు తిరగగానే పోయాయి. మామ కూర్చున్నవాడు నెమ్మదిగా లేచాడు. విల్లు కిందికి దించాడు. బాణం వేయడానికి చూడనే లేదు. ఎడమ చెయ్యి వెనక్కి పెట్టి మమ్మల్ని తన వీపుకు అదుముకున్నాడు. పక్కింటామెతో మాట్లాడినట్టు, అరవకుండా, వణకకుండా అన్నాడు: "నీ తిండికి మేం అడ్డం రాలే తల్లీ. మా తోవన మేం పోతున్నం. నీ తోవన నువ్వు పో." మాతో "యెనక్కి తిరగొద్దు, ఉరకొద్దు, నా కాళ్ళ సూడుకుంట రాండ్రి" అన్నాడు. ఒక్కో అడుగూ వెనక్కి వేశాం. అది ఒకసారి పళ్ళు చూపించి గరగరమంది. మేము ఆగాం. మళ్ళీ వెనక్కి వేశాం. బండ దాటాక చూస్తే అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు.

పెంటకు చేరాక మామ మమ్మల్ని తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. భయపడినందుకు కాదు. "నెమలి అరిసింది, ఇనలేదా? మనం కూసున్నంక రెండుసార్లు అరిసింది. నేనూ పట్టించుకోలే, నా బుద్ధి కొమ్ముల మీద ఉండె. మీ బుద్ధి ఏడ ఉండె?" అన్నాడు. తప్పులో తన పాలు ముందు చెప్పుకొని తర్వాత మమ్మల్ని తిట్టాడు. ఆ రోజు బువ్వ లేదు, ఇప్ప పూలు ఉడకబెట్టుకొని తిన్నాం.

ఇట్లా ఎందుకు జరుగుతుందో పెద్దయ్యాక కూర్చొని ఆలోచిస్తే అర్థమైంది. అవ్వలు గడ్డలకు పోయేటప్పుడు నలుగురైదుగురు కలిసి పోతారు. మాట్లాడుకుంటారు, నవ్వుకుంటారు, గడ్డపార రాయికి తగిలి ఖంగుమంటుంది. పులి చెవి చాలా గట్టిది. ఆ సప్పుడు దూరం నుంచే విని పక్కకు తప్పుకుంటుంది. అవ్వలు ఎన్నిసార్లు పులి పక్క నుంచి పోయారో లెక్కే ఉండదు, చూసింది మాత్రం తక్కువ. దుప్పి కోసం పోయేవాడి నడక వేరు. సప్పుడు చెయ్యడు. వంగి నడుస్తాడు. తెల్లారకముందో పొద్దు గూకే వేళో పోతాడు. గాలికి ఎదురుగా కూర్చుంటాడు. నీటి చెలమ దగ్గర, ఇప్పచెట్టు దగ్గర, ఉసిరికాయలు రాలేచోట మాటు వేస్తాడు. పులి చేసేదీ అచ్చం ఇదే. ఒకే మంద కోసం, ఒకే వేళకు, ఒకే చాటుకు ఇద్దరూ చేరితే ఒకరికొకరు ఎదురుపడక ఏమవుతారు? దానికి తప్పుకునే వీలు మనమే లేకుండా చేశాం. కూర్చున్న మనిషి, వంగిన మనిషి దాని కంటికి మనిషిలా ఉండడని కూడా మా తాతలు చెప్పేవాళ్ళు. అందుకే మామ ముందు లేచి నిలబడ్డాడు. అది ధైర్యం చూపించడానికి కాదు, తను ఏమిటో దానికి చెప్పడానికి.

చిరుత సంగతి వేరు. దాన్ని మేము పులికంటే ఎక్కువసార్లు చూశాం, ఎక్కువసార్లు చూడకుండా దాటిపోయాం. మా తాత ఒకసారి దుప్పి అడుగులు పట్టుకొని పోతే ఒకచోట అవి ఆగిపోయాయి. నేల మీద ఈడ్చిన గీత ఒక మద్దిచెట్టు మొదలు దాకా ఉంది, అక్కడితో సరి. దుప్పి గాలిలో కలిసిపోయినట్టు. తాత చెట్టు కింద నిలబడి చుట్టూ చూస్తున్నాడు. భుజం మీద ఏదో తడి తగిలింది. తుడుచుకొని చూస్తే నెత్తురు. పైకి చూస్తే కొమ్మ సందులో వేలాడుతున్న దుప్పి కాళ్ళు, ఆ పైన మచ్చల తోక. పెద్దపులి తిరిగే అడవిలో చిరుత తన తిండిని చెట్టెక్కించి దాచుకుంటుంది. "పైకి సూడకుండ అడవిల నడిసేటోడు సగం అడవే నడిసినట్టు" అని తాత ఆ కథ చెప్పినప్పుడల్లా అనేవాడు. తోకలు చూసి తిరిగి వచ్చాడా, ఇంకేమైనా చేశాడా అని అడిగితే మాత్రం నవ్వేవాడు. ఆ కాలంలో పులి తిని వదిలిన దాంట్లో కొంత తెచ్చుకోవడం కూడా ఉండేదని పెద్దలు చెబుతారు. తెచ్చుకున్నా మొత్తం తెచ్చుకునేవాళ్ళు కాదట. దాని వాటా దానికి ఉంచాలి, గారెల మైసమ్మకు ఒక ముక్క పెట్టాలి, తర్వాతే మనది.

అన్ని కథలూ ఇట్లా నవ్వుతూ చెప్పుకునేవి కావు. మా దగ్గరి చుట్టం ఒకాయన కుడిచెయ్యి మోచేతి దగ్గర వంకరగా ఉండేది. చిన్నప్పుడు ఆ చెయ్యిని మేము వెక్కిరించేవాళ్ళం, ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది. ఆయన ఒక కణితిని కొట్టాడు. బాణం సరిగా దిగలేదు. నెత్తురు చుక్కలు పట్టుకొని పోయాడు. పొద్దు గూకింది. తిరిగి వద్దామంటే ఇంట్లో పిల్లలు ఆకలితో ఉన్నారు. పొదలో కణితి పడి ఉంటే ఉరికిపోయి చెయ్యి వేశాడు. నెత్తురు జాడ ఆయనొక్కడికే కనపడిందా? దాని అవతలి పక్క పెద్దది ఉంది. ఒక్క దెబ్బ కొట్టి అది కూడా పారిపోయింది. చాలా రోజులు ఆకు పసర్లు కట్టారు, ప్రాణం నిలిచింది. గాయపడిన జంతువు వెంట చీకట్లో పోవద్దు, తెల్లారాక నలుగురు కలిసి పోవాలి అనే కట్టుబాటు ఇట్లాంటి దెబ్బల నుంచే పుట్టింది. అడవి కట్టుబాట్లు ఊరికే రాలేదు. ఒక్కోదాని వెనక ఒక్కో వంకర చెయ్యి ఉంది.

ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమండార్ఫ్ అనే ఆయన మన తాతల నడుమ తిరిగి 1943లో చెంచుల మీద పెద్ద పుస్తకం అచ్చు వేశాడు. మీలో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు తప్పక చదవండి, మన పెంటలు అప్పుడు ఎట్లా ఉండేవో అందులో దొరుకుతుంది. కానీ నెమలి ఎప్పుడు ఎట్లా అరుస్తుందో పుస్తకంలో నేర్చుకోలేం. కొండముచ్చు ఖక్ ఖక్ అంటే చెట్టు మీద నుంచి అది ఏదో చూసిందని. దుప్పి కూత కొన్నిసార్లు అబద్ధం కావచ్చు, ఆకు కదిలినా అది బెదురుతుంది. కణితి ఊరికే అరవదు. కణితి ఢాంక్ మని అరిచి, ఒకేచోట నిలబడి మళ్ళీ మళ్ళీ అరిచిందంటే మీరు ఆ వైపు పోకండి, అంతే. ఆ తాతలు ఇంకా ముందు వరుసలో కూర్చొని ఉన్నారు. వచ్చే ఏడుకు అందరూ ఉంటారని చెప్పలేం.

ఇక వేట ఎట్లా పోయిందో రెండు మాటలు. 1978లో మన అడవిని అభయారణ్యం అన్నారు. 1983లో పులుల ప్రాజెక్టు కిందికి తెచ్చారు. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఈ పక్క ఉన్నది అమ్రాబాద్ పులుల అభయారణ్యం అయింది, రెండువేల ఆరువందల చదరపు కిలోమీటర్లకు పైనే. 2006 అటవీ హక్కుల చట్టం మనకు భూమి మీద, తేనె బంక ఇప్ప పువ్వు మీద హక్కు ఇచ్చింది. వేటను మాత్రం ఇవ్వనని రాసే చెప్పింది. మొదట్లో మాకు కోపం వచ్చింది. దొరలూ నవాబులూ తుపాకులతో సరదాకు చంపినప్పుడు లేని చట్టం, బాణంతో ఒక్క దుప్పిని కొట్టుకునేవాడి మీదికి వచ్చిందేమని అనుకున్నాం. ఆ కోపంలో న్యాయం ఉంది. పులి ఉండాలంటే చెంచు పోవాలి అనే మాట వింటే ఇప్పటికీ ఆ కోపం లేస్తుంది. పులీ మేమూ ఒక బండ చాటున కూర్చున్నవాళ్ళం, మా నడుమ పొత్తు కుదరదని ఎవరో వచ్చి చెబితే ఎట్లా ఒప్పుకుంటాం? కానీ ఇంకో నిజం కూడా చెప్పాలి. మా తాతల రోజుల్లో ఉన్నన్ని దుప్పులు మా రోజుల్లో లేవు. దుప్పి లేకపోతే పులి లేదు. దుప్పిని కొట్టుకొని పులిని కాపాడతామంటే నోటి మాటగా తప్ప కుదరదు.

ఇప్పుడు కష్టమైన ముచ్చట. చెప్పాలా వద్దా అని మాలో మేము వాదించుకున్నాం. కొన్నేళ్ళ కిందట ఒక పిల్లవాడు పొద్దున్నే మా గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. పెంట పేరూ పిల్లవాడి పేరూ చెప్పం. బండి క్లచ్ వైరుతో దుప్పి కోసం నాలుగు ఉచ్చులు పెట్టాడు. రాత్రి అరుపు వినపడిందట, దుప్పిది కాదు. పోయి చూశాం. వైరు కట్టిన చెట్టు బెరడు మనిషి ఎత్తు దాకా చీరేసి ఉంది. చుట్టూ నేల దున్నినట్టు ఉంది. వైరు తెగిపోయింది, ఉచ్చు ముడి మాత్రం లేదు. అంటే అది కాలికే ఉంది. వాగు ఇసుకలో అడుగులు చూశాం. మూడు కాళ్ళ గుర్తులు లోతుగా, నాలుగోది ఈడ్చిన గీత. చిరుత కాదు, పెద్దదే.

మామ రోజుల్లో బాణం పట్టిన మనిషికి ఎదురుగా ఉన్నదేదో కనపడింది, విల్లు దించాడు. వైరుకు కళ్ళు లేవు, దించడానికి చెయ్యి లేదు. దుప్పి కోసం వేసిందే, దుప్పి దారిలో ముందు వచ్చింది పులి. కరెంటు తీగలు పరిచే చోట్ల అయితే ఆ తీగ మన పశువునూ మన పిల్లవాడినీ కూడా అడగదు.

చెబితే పిల్లవాడి మీద కేసు. చెప్పకపోతే ఆ వైరు రోజురోజుకూ కాలిలోకి దిగుతుంది. దుప్పిని పట్టలేని పులి పశువుల మీదికి వస్తుంది, ఆ తర్వాత ఇప్ప పూలు ఏరుకునే మన ఆడవాళ్ళ మీదికి రాదని ఎవరు చెప్పగలరు? మధ్యాహ్నం దాకా వాదించుకున్నాం. చెప్పాం. సిబ్బంది వచ్చారు, మనవాళ్ళే ముందు నడిచి మిగతా మూడు ఉచ్చులూ తీయించారు. తొమ్మిది రోజులు వెతికారు. పులి దొరకలేదు, ఏమైందో ఇప్పటికీ తెలియదు. కేసు అయింది. ఆ పిల్లవాడి తల్లి మాతో ఏడాది మాట్లాడలేదు, మేము ఆమెను తప్పు పట్టం. మళ్ళీ అట్లాంటి పొద్దు వస్తే మళ్ళీ చెబుతాం. అది మాత్రం మీకు ముందే చెప్పి పెడుతున్నాం.

పొద్దు పోతోంది, ఇంకో నాలుగు మాటలు. అడవికి పోయేటప్పుడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవద్దు. పాట కావాలంటే మీరే పాడండి, అది కూడా విని తప్పుకుంటుంది. బంక కోసం వంగి కూర్చున్నప్పుడు నడుమ నడుమ లేచి నిలబడండి, మాట్లాడండి. ఎదురుపడితే ఫోను తీయొద్దు, ఫొటో కోసం ఒక్క అడుగు ముందుకు వేసినా దాని లెక్కలో అది మీదికి రావడమే. దాని మీద చూపు ఉంచి వెనక్కి నడవండి, ఉరికితే మీరు దుప్పి అయిపోతారు. కూనలు కనపడితే ముద్దుగా ఉన్నాయని ఆగవద్దు, తల్లి మీకంటే దగ్గర్లో ఉంటుంది.

మీలో కొందరు ఇప్పుడు వాచర్లుగా, పులి జాడలు చూసే పనిలో ఉన్నారు. మొన్న ఎండాకాలం ఒక తమ్ముడు కెమెరా ఫొటోలు ఫోనులో చూపించాడు. ఆ కెమెరా కట్టింది మా మామ కూర్చున్న బండకు దగ్గర్లోనే. అదే ఇప్పచెట్టు, ఇంకా లావెక్కింది. ఒకే పొద్దున మూడు ఫొటోలు. 5 గంటల 20 నిమిషాలకు దుప్పులు. 6 గంటల 40కి పెద్దది, తల దించి నేల వాసన చూస్తూ. ఆ రెంటి నడుమ, 6 గంటలకు, బుట్ట పట్టుకొని పూలు ఏరుతున్న మా వదిన.

ఆమెకు చూపించాం. ఫోను దగ్గరికి తీసుకొని చాలాసేపు చూసింది. "నాకేం కనపళ్ళే" అంది. "మనుమరాలితో ముచ్చట పెట్టుకుంట ఏరినం. దానికే మేం కనపడి ఉంటం."